గాజుతీగలో వెలుగు

రెండువేల సంవత్సరం తర్వాతి తొలినాళ్ల మాట. గుడివాడలో బందరు పాసింజరు ఎక్కిన ఒక అమ్మాయి నా ఎదుట కూర్చుంది. ఏం చేస్తావమ్మా అని అడిగితే, వెంట్రుకంత సన్నని గాజుతీగల మీద పరిశోధన చేస్తున్నానంది. వాటి గుండా వెలుగును ఒక్కొక్క రేణువుగా పంపుతారట. ఒక్కో రేణువూ ఒక కబురు మోసుకెళ్తుందట.

"దారిలో పోతే?" అన్నాను.

"మళ్లీ పంపలేమండీ. దానికి కాపీ తీయడం కుదరదు. రావలసిన వేళకి రాకపోతే పోయిందనే లెక్క. అలా పోనివ్వని తీగ కోసమే మా తంటాలన్నీ."

చేలవైపు చూస్తూ తనే చెప్పింది. వాళ్ల నాన్న బందరు పక్కనున్న గిలకలదిండి రేవు నుంచి సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లకు బోటు చెక్కలే దొరికాయి. కర్మ చేయడానికి తల్లి ఒప్పుకోవడం లేదు.

"చదువుకున్నదాన్ని కదా, నేను చెబితే వింటుందని బాబాయి రమ్మన్నాడండీ. ఇవాళ చెప్పేస్తాను."

బందరులో దిగేసరికి ఆ తల్లి ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. నుదుట పెద్ద బొట్టు పెట్టుకుంది. కూతురి చేయి పట్టుకుని, "నువ్వు చెప్పు, మీ నాన్న వస్తాడా?" అంది.

నేను వాళ్ల వెనకే ఉన్నాను. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"వస్తాడమ్మా," అంది చివరికి.

తల్లి ఆమె చేయి వదిలేసింది.

"నీకు చిన్నప్పట్నించీ అబద్ధమాడ్డం చేతకాదే," అని, కూతురి సంచి తను అందుకుని ముందు నడిచింది.

ఇప్పటికీ ఎవరైనా ఎవరికైనా "వస్తాడులే" అని ధైర్యం చెబుతుంటే, నేనక్కడ నిలబడలేను.