శుక్రవారం కాగితాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ల్యాబులో ఎవరినడిగినా చెబుతారు. జోగమ్మ మీద అరిచిన సంగతి మాత్రం నేనే చెప్పుకోవాలి, తప్పదు.

గాలిలో దుమ్ము ఎక్కణ్ణించి వస్తుందో తేల్చడం నా పని. అది రోడ్డు మట్టా, సముద్రపు ఉప్పా, బొగ్గా, బళ్ళ పొగా అని. మిషను పెట్టడానికి వన్ టౌన్‌లో ఒక మేడ కావలసి వచ్చింది. పది ఇళ్ళు తిరిగాను. పేలిపోతుందేమో అన్నవాళ్ళు కొందరు, తర్వాత రమ్మన్నవాళ్ళు కొందరు. పదకొండో ఇల్లు జోగమ్మది. నలభై ఏళ్ళు నెత్తిన చేపల గంప మోసి, మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ఆవిడ ఒక్క మాటే అడిగింది.

“మా గుంటకి పిల్లికూతలెందుకొత్తన్నాయో నీ మిషిను సెప్తాదేటమ్మా?”

గుంట అంటే మనవరాలు యశస్విని, ఆరేళ్ళ పిల్ల. తల్లి పనికి పోతుంది కనుక అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆయాసంతో సగం రోజులు బడికే వెళ్ళదు.

“చెప్పొచ్చు పిన్నీ” అన్నాను.

మిషను గాలిని పీల్చి, అందులోని దుమ్మును గుండ్రటి తెల్ల కాగితం మీద పట్టి ఉంచుతుంది. రోజుకో కాగితం. మార్చడం జోగమ్మకే నేర్పాను. తెల్లారగానే స్నానం చేసి, ఉతికిన చీర కట్టి, ఆ కాగితాన్ని పట్టకారుతో తీసి కవరులో పెట్టేది. మా పీహెచ్‌డీ పిల్లలకు కూడా అంత శుభ్రం లేదు, ఏం చెప్పను.

ఎనిమిది నెలలు గడిచాయి. తూకం వేసి చూస్తే శుక్రవారం కాగితాలు మిగతావాటికి రెట్టింపు బరువు. ఆహా, శుక్రవారాలు రేవులో బొగ్గో ఏదో దించుతున్నారు, దొరికారు అనుకుని నివేదికలో కూడా రాసేశాను. ఇవ్వడానికి ఇంకా పది రోజులున్నాయి. ఎందుకైనా మంచిదని ఒక శుక్రవారం సాయంత్రం చెప్పకుండా వెళ్ళాను.

మేడెక్కి చూద్దును కదా, మిషనుకు పసుపు, బొట్టు, మందార పువ్వు. జోగమ్మ దాని చుట్టూ సాంబ్రాణి ధూపం తిప్పుతోంది. మిషను ఆ పొగనంతా బుద్ధిగా పీల్చుకుంటోంది.

“ఏం చేస్తున్నావు పిన్నీ?”

“సుక్రోరం కద నీలమ్మా, దూపమేత్తన్నాను. మా ఆయనున్నప్పుడు పడవకీ ఇలాగే ఏసీవోళ్ళం. మా గుంట కోసం ఇది రేయీ పగలూ కట్టపడతంది, ఊరికే ఒగ్గేత్తే పాపం కదా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎనిమిది నెలల పని బూడిదలో పోసిన పన్నీరు చేశావు. ఈ కాగితాల మీద నలుపంతా నీ పొగే!”

ఆవిడ ధూపం గిన్నె కింద పెట్టి, మెట్ల మీద కూర్చున్న పిల్ల వంక చూసింది. “అయితే దాని ఆయాసం కూడా నా వల్లేనా?” అంది. నేను పిల్లను దాటుకుని మెట్లు దిగి వచ్చేశాను. ఇప్పటికీ ఆ మెట్లు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ల్యాబులో కాగితాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. రెండు శుక్రవారాలు మాత్రం మామూలు బరువే తూగాయి. తేదీలు చూస్తే గుర్తొచ్చింది. ఆ రెండు వారాలూ జోగమ్మ భీమిలిలో చెల్లెలి ఇంట్లో ఉంది, కాగితాలు కూతురు మార్చింది. అంటే ధూపం పడింది శుక్రవారాలే, మిగతా రోజుల లెక్క నిక్షేపంగా ఉంది. నా పని నిలబడింది. సంతోషించాలి. కానీ చెవిలో ఆవిడ ప్రశ్నే మోగుతోంది.

నాలుగో రోజున ఆ రెండు వారాల కాగితాలూ పట్టుకుని వెళ్ళాను. సాంబ్రాణి డబ్బా లేదు, అగరుబత్తి లేదు. దేవుడి పటం ముందు ఒట్టి దీపం. పిల్ల లోపల ఒక్కతే ఆడుకుంటోంది. జోగమ్మ గుమ్మం బయట కూర్చుని ఉంది.

“నా సీరకింకా పొగ వోసనుందేమోనని, నాలుగు రోజుల్నించి దాన్ని దగ్గరికి రానివ్వట్నేదమ్మా” అంది.

పద్నాలుగు కాగితాలూ గుమ్మంలో పరిచాను. “ఇవి నువ్వు భీమిలిలో ఉన్నప్పటివి పిన్నీ. అప్పుడు ధూపమే లేదు. చూడు.”

ఆవిడ వంగి చూసింది. అన్నీ నల్లగానే ఉన్నాయి.

“పిల్ల దగ్గర సాంబ్రాణి వద్దు, అదీ మంచిది కాదు. కానీ ఈ నలుపు నీది కాదు. కోపంలో నోరు పారేసుకున్నాను. తప్పు నాది.”

“నాది కాదా? ఒట్టేనా?”

“ఒట్టు.”

“యశీ, రాయే” అని చేతులు చాచింది. పిల్ల పరుగున వచ్చి ఒళ్ళో పడింది. జోగమ్మ దాని జుట్టులో ముఖం దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

నివేదికలో శుక్రవారాలు కొట్టేసి, ఎందుకు కొట్టేశానో ఉన్నదున్నట్టు రాశాను. మిషను ఇంకా ఆ మేడ మీదే ఉంది. శుక్రవారం పువ్వును జోగమ్మ ఇప్పుడు మెట్ల దగ్గరే పెడుతుంది. వెళ్ళినప్పుడల్లా కవర్లు నా చేతిలో పెట్టి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒకటే మాట అంటుంది.

“నాది కాదని తేల్సినావు. ఎవులిదో కూడా తేల్సు నీలమ్మా.”