దొరగారి కారు వణకదు

నైజాం పోయినా మా దొర పోని రోజుల్లో నేను పెద్దపల్లి దగ్గరి పల్లెలో పంతుల్ని. దొర కొన్న కారు జోరు మీద బ్రేకు వేస్తే గడగడా వణికేది. ఓసారి నన్నూ, గుమాస్తానూ ఎక్కించుకొని కరీంనగర్ మెకానిక్ దగ్గరికి బయలుదేరాడు.

దారిలో బ్రేకు వేసి చూసి, "బండి వణుకుతుందా?" అన్నాడు.

"మీ బండి వణుకుతదా దొరా! మీ పక్కన కూసున్నందుకు మేమే వణుకుతున్నం" అన్నాడు గుమాస్తా.

దొర మురిసిపోయి కారు వెనక్కి తిప్పాడు. ఊరి దగ్గర బర్రెలు అడ్డొస్తే బ్రేకు తొక్కాడు. కారు ఊగిపోతూ పొలంలో దిగబడింది.

"గిప్పుడు చెప్పుండ్రి, ఏం వణికింది?" మోకాటిలోతు బురదలోంచి అరిచాడు దొర.

"రోడ్డు దొరా!" అన్నాడు గుమాస్తా.

"నిజమేనా పంతులూ?"

తలూపాను.

మర్నాడే దొర రోడ్డుకు మొరం పోయించాడు. రోడ్డు నున్నబడ్డాక ఇంకా జోరుగా తోలేవాడు. ఆ కారెక్కమంటే చాలు, నాకు వణుకు పుట్టేది. గుమాస్తా మాటల్లో నిజమైంది అదొక్కటే.