ఎర్రమందు, పథ్యపు స్నానం

జబ్బు నెమ్మదించిన మనిషికి వేపాకు వేసి కాచిన నీళ్ళతో తలస్నానం చేయించి, పాతబియ్యపు అన్నంలో బీరకాయ కూర కలిపి పెట్టే ఆచారం మా వైపు ఉంది. దాన్నే పథ్యం పెట్టడమంటారు. ఆ ముద్ద నోట పడిందంటే రోగం గడప దాటిందని అర్థం. ఆ తరువాత మందు ముట్టుకోవడం, వెళ్ళిపోతున్న రోగాన్ని వీధిలోకి పరుగెత్తి వెనక్కు పిలవడమేనని మా చెల్లెలి అత్తవారింట గట్టి నమ్మకం. పడిశపు జ్వరాలకూ అజీర్ణపు జ్వరాలకూ పుట్టిన ఆచారమది. వాటి మట్టుకు సరిపోయిందేమో, నేను కాదనను. దాన్ని పట్టుకుపోయి లింఫోమా అనే క్యాన్సరుకు అంటగట్టిన బుద్ధిశాలులను మాత్రం కళ్ళారా చూశాను.

మా చెల్లెలిని రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే కుటుంబంలో ఇచ్చాము. మా బావ కొట్లో నలుగురి చేత పని చేయించగల సమర్థుడే గాని, ఇంట్లో అన్నగారి మొహం చూడనిదే మంచినీళ్ళయినా అడగడు. ఆ అన్నగారి పాండిత్యం విలక్షణమైనది. ఆయన ఏ శాస్త్రమూ చదవలేదు కనుక ఏ శాస్త్రానికీ ఆయన మీద అదుపు లేదు. వానకూ వరికీ వివాహానికీ వాతానికీ ఆయన మాటే కడపటి మాట. అరుగు మీద మడతకుర్చీలో ఆసీనుడై ఆయన తీర్పులు వెలువరిస్తుంటే, తలలూపడానికి బంధువులు వంతులు వేసుకుని వచ్చేవారు. విజయనగరంలో సంస్కృతాంధ్రాలు చదివి, పదవీ విరమణ దాకా పిల్లలకు పాఠం చెప్పిన నేను, ఆ అరుగు మీద కేవలం ‘పంతులుబావ’ను. అంటే, చదువుకున్నాడు పాపం, ఏమీ తెలియదు అని.

బావకు మెడ పక్కన బిళ్ళ కట్టింది. సాయంకాలం జ్వరం, రాత్రి పక్క తడిసేటంత చెమట, రోజురోజుకూ వదులైపోతున్న చొక్కా. అన్నగారు మొదట పంటివేడి అన్నారు. తరువాత ఏదో పసరు పట్టు వేయించారు. బిళ్ళ కోడిగుడ్డంత అయినాక, మా చెల్లెలు ఏడ్చి మొత్తుకుంటే గాని మనిషిని విశాఖపట్నం కదలనివ్వలేదు. అక్కడ ముక్క తీసి పరీక్షించి లింఫోమా అని తేల్చారు.

అక్కడి డాక్టరమ్మ మా బావకూ నాకూ ఎదురుగా కూర్చుని విషయం విప్పి చెప్పింది. ఇది ఒక్క మందుతో లొంగే జబ్బు కాదు. కొన్ని మందులను జతకలిపి, మధ్య మధ్య ఒంటికి విరామమిస్తూ, విడతలుగా ఇస్తారు. ఒక్కొక్క మందు జబ్బుకణాన్ని ఒక్కొక్క చోట దెబ్బతీస్తుంది. అందులో ఎర్రనిది, డాక్సోరూబిసిన్, మట్టిలో బతికే సూక్ష్మజీవి నుంచి వచ్చింది కనుక ఆంటీబయాటిక్‌ల వంశానికి చెందినదే. కాని దాని పని జ్వరాల క్రిముల మీద కాదు; కణం లోపలి పోగుల్లో దూరి, ఆ కణం రెండుగా చీలకుండా అడ్డుపడుతుంది. బిళ్ళ కనబడకుండా పోవడం జబ్బు పోవడం కాదు, కంటికి ఆనని కణాలు మిగిలే ఉంటాయి, చెప్పిన విడతలన్నీ పూర్తికావాలి అని ఆమె రెండుసార్లు నొక్కి చెప్పింది. అంత పొందికగా, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా మాట్లాడిన మనిషిని చూసి చాలాకాలమైంది నాకు.

బావ రాజాం నుంచి వచ్చే బస్సులో విజయనగరంలో నేను ఎక్కేవాణ్ణి. రాజాం దాటితే చాలు, ఆయనకు నోరు వచ్చేది. మొదటి విడతలో నర్సు పెద్ద సిరంజితో ఆ ఎర్రమందును సెలైను గొట్టంలోకి మెల్లమెల్లగా ఎక్కిస్తుంటే తల తిప్పి చూశాడు.

“బావా, పసుపూ సున్నం కలిపి దిష్టి తీస్తారే, ఆ నీళ్ళలాగున్నాది.”

ఎవరి దిష్టో అన్నాను.

“ఇంకెవరిది, మా అన్నియ్యదే అయ్యుంటాది,” అని తనే నవ్వాడు. ఆ మాట ఇంటి అరుగు మీద అనగలిగిన మనిషయితే నేనీ కథ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆ మందు ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడవద్దని నర్సు ముందే చెప్పింది. అన్నగారు మాత్రం ఆసుపత్రివాళ్ళు తమ్ముడి నెత్తురు తోడేస్తున్నారని అరుగు మీద ప్రకటించారు. జుట్టు రాలినప్పుడు మరొక ప్రకటన. తెల్లకణాలు తగ్గి ఉంటాయి, నలుగురినీ దగ్గరికి రానివ్వవద్దని డాక్టరమ్మ చెబితే, పరామర్శకు రాని బంధువు శత్రువని భావించే ఆ ఇంట్లో గుంపులకు లోటు లేకపోయింది. ఆమదాలవలస నుంచి ఒకాయన బత్తాయిలు పట్టుకుని, దగ్గుకుంటూ వచ్చి, రోగి మంచం మీదనే కూర్చున్నాడు. నేను వారించబోతే అన్నగారు నన్నే వారించారు. ఆంటీబయాటిక్ పట్టించిన ఒంటికి ఏ పురుగూ అంటదట. ఆయన ఆ మాట పలికిన ధాటికి పురుగులే జడిసి పారిపోయాయో ఏమో, బావకు అప్పటికి ఏమీ కాలేదు. అన్నగారి వైద్యకీర్తి మరింత పెరిగింది.

రెండో విడత అయిన కొద్దిరోజులకు బిళ్ళ కరిగిపోయింది. అన్నగారు తమ్ముడి మెడను వేళ్ళతో నొక్కి చూసి, జబ్బు పోయిందని నిర్ణయించి, పథ్యానికి ముహూర్తం పెట్టించారు. భోజనానికి రమ్మని కబురు వస్తే వెళ్ళాను. పెరట్లో కాగులో వేపనీళ్ళు మరుగుతున్నాయి. అరుగు నిండా జనం. జబ్బుమనిషి సంగతి ఒక మాటలో ముగించి, భోగాపురంలో విమానాశ్రయం వస్తే అక్కడి భూములు ఏమవుతాయని తర్జనభర్జన పడుతున్నారు.

ఇంకా విడతలు మిగిలి ఉన్నాయని, ఈ స్నానం ఇప్పుడు కాదని నేను మనవి చేశాను.

“గెడ్డ పోనాదా లేదా, అది సెప్పు పంతులుబావా.”

పోయిందన్నాను.

“పోనాక మందెందుకు? జొరం తగ్గినాక మాత్తర మింగుతామేటి?”

డాక్టరమ్మ చెప్పినదంతా, కంటికి ఆనని కణాల సంగతితో సహా, సాధ్యమైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. అది ఆయన ఎదుటివాడికి చేసే అవమానాల్లో ఒకటి.

“కంటికి కనపడందాన్ని ఆవిడెలా సూసిందట?” అన్నారు, నా వైపు కాదు, జనం వైపు. జనం తలలూపారు. మా చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి “అన్నియ్యా, నువ్వయినా ఆపు” అంది. ఆపలేకపోయాను. తలస్నానం చేసి, బోడితల మీద తడి మెరుస్తుండగా వచ్చి కూర్చున్న బావ, నా వైపు ఒకసారి, అన్నగారి వైపు ఒకసారి చూసి, ముద్ద నోట పెట్టుకున్నాడు.

మూడో విడత రోజున విజయనగరంలో ఎప్పటిలాగే నిలబడ్డాను. రాజాం బస్సు వచ్చింది. అందులో బావ లేడు. ఫోను చేస్తే “అన్నియ్య వొద్దంతన్నాడు బావా” అని, వెంటనే నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు.

ఆ తరువాత కొన్ని నెలలు ఆయనను అరుగు మీద ప్రదర్శనకు పెట్టారు. జుట్టు మొలిచింది, ఒళ్ళు పట్టింది. వచ్చినవాడల్లా మెడ తడిమి చూసేవాడు. అన్నగారు కొట్లో కొత్తబియ్యం గుప్పిట పట్టి చూపినట్టే తమ్ముణ్ణి చూపేవారు. నేను వెళితే, మందు మానిన మనిషి ఎంత నిగనిగలాడుతున్నాడో చూడమనేవారు. నిజంగానే నిగనిగలాడుతున్నాడు. మూర్ఖులకు కాలం తాత్కాలికంగా సాక్ష్యం చెప్పడం కంటే దుర్భరమైన దృశ్యం మరొకటి లేదు.

బిళ్ళ తిరిగి వచ్చింది. ఈసారి చంకలో దానికొక తోడు కూడా. అన్నగారు కారణం కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు: పథ్యం పెట్టిన పూట పంతులు ఎదురు మాట్లాడాడు, అపశకునం తగిలింది. మా చెల్లెలు ఈసారి ఎవరినీ అడగలేదు. భర్త చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, నాకు ఫోను చేసింది.

డాక్టరమ్మ కోపపడలేదు. కోపపడి ఉంటే బాగుండేదనిపించింది. గుండెకు పరీక్ష చేయించి, ఫలితం చూసి, అప్పుడు చెప్పింది. ఎర్రమందు గుండె కండరాన్ని బలహీనపరచగలదు. అందుకని ఒక మనిషికి జీవితకాలంలో ఇంతకు మించి ఇవ్వకూడదని హద్దుంది. ఇదివరకు ఎక్కినది, దాని ప్రయోజనం పోయినా, ఆ లెక్కలోనే ఉంటుంది. గుండె బాగుంది కనుక మిగిలినది వాడవచ్చు. తోడు మందుల్లో ఒకటి మారుస్తాను. అయితే తిరిగి వచ్చిన జబ్బు మొండిది, మాట ఇవ్వలేను.

తిరుగు బస్సులో సగం దారి వచ్చాక బావ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు.

“బావా, ఆ రెండు సార్లూ ఎక్కించుకున్నది దండగే కదేటి.”

ఓదార్పుకు పనికివచ్చే మాటలు నాకు చాలా వచ్చు. ఒక్కటీ వాడబుద్ధి కాలేదు. అవునన్నాను.

విడతలు మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ వాంతులు, నోటిపూత, మళ్ళీ బోడితల. కొన్ని విడతలకు బిళ్ళలు కరిగాయి. ఇక్కడ చదివేవారు నన్ను నమ్మాలి: అన్నగారు మళ్ళీ మెడ నొక్కి చూశారు, మళ్ళీ పథ్యానికి పిలుపులు పంపారు. మా చెల్లెలు ఫోను చేస్తే పరుగున వెళ్ళాను. అదే కాగు, అవే వేపాకులు, అదే జనం. విమానాశ్రయం ఇంకా రాలేదు గనుక ఆ చర్చ కూడా అదే.

బావ పెరటి గట్టు మీద తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

“లెగు. నీళ్ళు సల్లారిపోతన్నాయి,” అన్నారు అన్నగారు.

బావ లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

“ఆ నీళ్ళు నువ్వు పోసుకో అన్నియ్యా. నాకు రేపు బస్సున్నాది.”

అన్నగారు అలవాటు కొద్దీ జనం వైపు తిరిగారు. జనానికి తలలు ఏ దిక్కుగా ఊపాలో తెలియలేదు. మా చెల్లెలు కాగు దింపి, ఆ నీళ్ళు తీసుకుపోయి అరటిచెట్ల మొదట్లో పారబోసింది.

మరునాడు విజయనగరంలో బస్సు ఆగేసరికి బావ కిటికీ పక్కన ఉన్నాడు. పక్క సీటు మీద తువ్వాలు వేసి నాకు చోటు ఆపి ఉంచాడు. విడతలన్నీ పూర్తిచేసుకున్నాడు.

ఆ మొదటి స్నానమే జబ్బును సగం చంపిందని అన్నగారు ఈనాటికీ అరుగు మీద కూర్చుని చెబుతూ ఉంటారు. వినేవాళ్ళకు కరువు లేదు. బావ ఆ పక్కనే కొట్టుకు తాళంచేతులు వెతుక్కుంటూ అంతా వింటాడు. అన్నగారిని నలుగురిలో కాదనడు. తల మాత్రం ఊపడు.