పచ్చగా ఉన్న లిఫ్ట్

హనుమకొండలో మా పెద్ద హోటల్‌కి రిపేర్ల యాప్ పెట్టించింది నేనే. చేయాల్సిన పని ఫోన్‌లో ఎర్రగా కనిపిస్తుంది, చేసి నొక్కితే పచ్చగా మారుతుంది. సాయంత్రానికి ఎరుపు మిగిలితే మేనేజర్ అందరి ముందూ దులిపేసేవాడు. నెల తిరక్కుండానే హోటలంతా పచ్చబడింది. నాకూ గర్వమే, బుద్ధి లేక.

హోటల్లో పెళ్లి ఉన్న ఒక రోజు మధ్యాహ్నం మా లిఫ్ట్ మెకానిక్ బరువైన పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతూ కనిపించాడు. లిఫ్ట్ చెక్ చేశానని పొద్దున పచ్చ నొక్కింది అతనే.

"గింత బరువుతోని మెట్లెందుకు అన్నా, లిఫ్ట్‌ల పోరాదు?" అన్నాను.

"జర నడిస్తే మంచిగుంటది సార్," అన్నాడు, నా మొహం చూడకుండా.

మెట్ల మీంచే కిందికి చూశాను. కింద ములుగు నుంచి వచ్చిన పెళ్లివాళ్లు పిల్లలతో సహా లిఫ్ట్ ఎక్కుతున్నారు. పడుతూ లేస్తూ మెట్లు దిగి, మూసుకుంటున్న తలుపుల మధ్య చెయ్యి పెట్టాను.

"ఏమైంది సారూ, ఖరాబైందా?" అని లోపలి నుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"దిగుండ్రి, ముందు అందరు దిగుండ్రి!" అని అరిచాను.

నా రెండో చేతిలోని ఫోన్ మాత్రం లిఫ్ట్ బాగుందనే చెబుతోంది.