జోగక్క విచారణ

మా జోగక్క నోరు మూయించడం మా అమ్మ వల్లే కాలేదు, ఇంక నా వల్లేం అవుతుంది? అలాంటి మనిషిని ఒక్క మాటా అడక్కుండా ఉద్యోగంలోంచి తీసేశారు.

మేం స్థిరపడ్డ పర్సుడీహ్ అనే హిందీ ఊళ్లో, సర్కారు ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఆరేళ్లు వండింది. సోనీ అనే పిల్లకి కామెర్లు ముదిరాయి. ఊళ్లో అయినవాళ్లెవరూ లేరని అక్క తొమ్మిది రోజులు ఆస్పత్రిలో దాని మంచం పక్కనే ఉండిపోయింది. సెలవు అడగాలన్న ధ్యాసే లేదు. దానికే పైఆఫీసు వాళ్లు వేటు వేశారు.

"తీసేసిన మనిసిననిపించుకుని సావన్రా తమ్ముడూ," అంది. కోర్టులో కేసు వేశాం. రైల్వేలో నా సెలవులన్నీ ఆ కేసుకే పోయాయి.

రాంచీ హైకోర్టులో మొదట ఓడిపోయాం. తీసేసే ముందే సంజాయిషీ నోటీసు పంపాం, ఆవిడే జవాబివ్వలేదని ఆఫీసు వాదన. అప్పీలు వేసేటప్పుడు మా వకీలు గట్టిగా నిలదీస్తే అప్పుడు నసిగింది, ఒక కవరు వచ్చిన మాట నిజమేనని. మంగళవారం వచ్చిన సర్కారు కాగితం మా ఇళ్లలో గురువారందాకా విప్పరు. పసుపు బొట్టు పెట్టి పైడితల్లమ్మ పటం ముందు ఉంచుతారు. ఈలోగా బుధవారం తీసేసిన ఆర్డరు చేతికొచ్చింది, అక్క ఇంక ఆ కవరు జోలికే పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు కోర్టుల చుట్టూ తిప్పి, ఇప్పుడా చెప్పేది?

చిత్రమేమిటంటే ఆ కవరే మమ్మల్ని గట్టెక్కించింది. అంటించింది అంటించినట్టే ఉన్నదాన్ని జడ్జీల ముందు విప్పారు. తపాలా ముద్ర పన్నెండో తారీఖు, తీసేసిన ఆర్డరు పదో తారీఖుది. వేటు వేశాక సంజాయిషీ అడిగారన్నమాట. జడ్జీలు ఆ ఆర్డరు కొట్టేశారు. ముందు ఆవిడ చెప్పేది విని, ఆ తర్వాతే ఏదైనా తేల్చమన్నారు.

విచారణ రోజు నాకొకటే భయం, ఈవిడ తన పెళ్లినాటి నుంచి మొదలుపెడుతుందేమోనని. ఏడుపొస్తే అక్క హిందీ మరిచిపోతుంది, అందుకని నన్ను పక్కన కూర్చోనిచ్చారు. ఏం చెప్పుకుంటావని అధికారి అడిగాడు. అక్క కళ్లు తుడుచుకుని తెలుగులోనే అంది.

"ఆ పిల్ల బతికింది బాబూ. మల్లీ అలాటిదే వత్తే మల్లీ ఎల్తాను."

రెండో ముక్క మింగేద్దామనుకున్నాను. అక్క నాకేసి చూసింది. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. అధికారి సోమవారం నుంచి పనిలోకి రావాలని రాశాడు.

నాకు సంతోషం కన్నా ముందు సిగ్గేసింది. తప్పయిందని ఒక ముక్క రాసి పడెయ్యమని రెండేళ్లుగా ఆవిణ్ణి పోరింది నేనే.