అత్త అప్పజెప్పిన వాక్యం

పోయిన వారం ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరికి వస్తుంటే, నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోనులో మార్కు సువార్త తెరిచింది. ఇంకొకరి ఫోనులోకి తొంగి చూడకూడదన్న మర్యాద నాకు తెలియనిది కాదు గానీ, ఆ పేరు కనబడితే నా కళ్లు నా మాట వినవు. ఒక వచనం మీద వేలు పెట్టగానే దాని కింద వివరణ దిగింది, అదీ ఒకరిది కాదు, నలుగురైదుగురు పండితులది. ఆ పిల్ల రెండు లైన్లు చూసి, వేలితో పైకి తోసేసి, పాటలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్లను తప్పు పట్టడానికి నేనెవరిని? అయినా బస్సు దిగేదాకా నా మనసు మనసులో లేదు. అలాంటి వివరణ పుస్తకం ఒక్కటి మా చేతుల్లో నిలుపుకోవడానికి మేము పడిన పాట్లు నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతాయని ఇదంతా రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఆత్మకూరు. అర్థం తెలియకుండా కంఠతా పెట్టేవాళ్లంటే మా నాయనకు చిరాకు. ఏ ఊళ్లో సువార్త కూటాలు జరిగినా నన్ను వెంటబెట్టుకుని పోయి, ప్రసంగం వినడం కన్నా బయట బల్ల మీద పరిచిన పుస్తకాలు తిరగేయడంలోనే ఎక్కువసేపు గడిపేవాడు. అలా కొన్నదే ఆ మార్కు సువార్త వివరణ పుస్తకం. నాకు పెళ్లయి ఉదయగిరి కొండ కింద పల్లెకు కాపురానికి వస్తుంటే, చీరల మడతల మధ్య పెట్టి పంపించాడు. పలచటి పసుపు అట్ట, పైన వచనం, కింద వివరం, అధ్యాయం చివర కొన్ని ప్రశ్నలు. పండితుల భాష కాదది, పడవ గురించీ వల గురించీ చెప్పినా, పొలంలో విత్తనాలు చల్లేవాడి గురించి చెప్పినా మన వీధి మనుషుల సంగతి చెబుతున్నట్టే ఉండేది.

మా పల్లెలో ఆడవాళ్లంతా ఉదయగిరి చెక్క స్పూన్ల పని చేసేవాళ్లు. మగవాళ్లు చెక్కి ఇస్తే, ఆడవాళ్లు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. శుక్రవారం మధ్యాహ్నం మా చర్చి గుడి వసారాలో స్త్రీల కూడిక జరిగేది, పాటలు, ప్రార్థన, మళ్లీ పాటలు, అంతే. నేను కొత్త కోడలినన్న జంకు కొంచెం తగ్గాక, ఒక శుక్రవారం ఆ పుస్తకం తీసుకుపోయి చదవడం మొదలుపెట్టాను. వాళ్లు స్పూన్లు రుద్దుతూ వినేవాళ్లు. చదివింది ఆపి ప్రశ్న అడిగితే, మొదట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వినవాళ్లే, పోను పోను నన్ను నోరెత్తనిచ్చేవాళ్లు కాదు. జ్వరం తగ్గీ తగ్గగానే లేచి, ఇంటికొచ్చినవాళ్లకు వడ్డించిన, ప్రభువు శిష్యుడు సీమోను అత్త సంగతి వచ్చినప్పుడు, మా అత్త ఓరగా నా వంక చూసి, ఆ ఇంటి కోడలు అప్పుడెక్కడికి పోయిందో పుస్తకంలో రాశారా అని అడిగింది. వసారా అంతా నవ్వులు.

అత్తకు చదువు రాదు. మా గుడిలో ఆదివారం ఆరాధనకు ముందు ఇంటికొకరు లేచి కంఠత వాక్యం అప్పజెప్పే ఆచారం ఉండేది, చెప్పగానే సంఘమంతా ఆమెన్ అనాలి. బైబిలు మొత్తంలో అన్నిటికన్నా చిన్న వాక్యమే అత్త ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది, ఆమె లేస్తే చాలు పిల్లలు ముందే నవ్వేవాళ్లు. కానీ ఒక ఆదివారం ఆమె లేచి, కొంగు సర్దుకుని, మార్కు సువార్త అయిదో అధ్యాయం అని మొదలుపెట్టింది. పన్నెండేళ్లు రోగంతో బాధపడి, వెనకనుంచి వచ్చి ప్రభువు వస్త్రం ముట్టుకున్న స్త్రీ కథ అది.

"గుంపు వెనక దాక్కున్న మనిషిని ప్రభువు గుంపు ముందుకు పిలిచి, ఆమె చెప్పేదంతా నిలబడి విన్నాడు."

సంఘమంతా ఆమెన్ అన్నది. పాస్టరు అయ్యగారు ఇంకా గట్టిగా అన్నారు. అప్పుడు సంఘపెద్ద, మాకు చినమామ వరస, బైబిలు మీద వేలు జరుపుకుంటూ, ఆ అధ్యాయంలో అటువంటి వచనమే లేదన్నాడు. లేదు మరి. అది మా పసుపు పుస్తకంలోని వివరం. చెవితో నేర్చుకున్న మనిషికి వచనం ఎక్కడ ఆగిందో, వివరం ఎక్కడ మొదలయిందో ఎవరు గీత గీసి చూపిస్తారు?

గుడిలో నవ్వులు లేచాయి. లేని వాక్యానికి తానే ఆమెన్ అన్నందుకు కాబోలు, అయ్యగారి మొహం కందిపోయింది. ఆరాధన కాగానే మమ్మల్ని నిలబెట్టి, దేవుని మాటలో మనుషుల మాట కలిపేస్తున్నారు గనుక ఆ పుస్తకం తెచ్చి గుడి బీరువాలో పెట్టేయమన్నారు. ఆడవాళ్లకు పాటలు చాలన్నాడు చినమామ. నేను నోరు తెరిచేలోగా అత్తే అందుకుంది.

"తప్పు చెప్పినాను, నిజమే. ఏది వాక్యమో ఏది వివరమో తెలీక చెప్పినాను. తెలియాలంటే ఇంకా చదవాల గానీ, పుస్తకం ఇచ్చేస్తే ఎట్లా తెలుస్తాది అయ్యగారూ?"

ఆ ప్రశ్నకు ఆయన అధికారంతోనే జవాబు చెప్పారు. పుస్తకం తెచ్చి ఇచ్చేదాకా అత్తాకోడళ్లిద్దరూ ప్రభువు బల్లకు దూరంగా ఉండాలన్నారు. నాదంటే చిన్న వయసు, ఓర్చుకోగలను. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం కోసం నెలంతా ఒక తెల్లచీర ఉతికి, మడతపెట్టి దాచుకునే మనిషి అత్త. ఇచ్చేద్దాం అత్తా అని ఇంటికొచ్చాక నేనే అన్నాను. ఇస్తే నీ నాయనకు నేను మొహం చూపించలేనని అత్త పోయి పొయ్యి రాజేసింది.

శుక్రవారం ఎవరూ రారనుకున్నాను. స్పూన్లు ఒడిలో పోసుకుని అందరూ వచ్చారు. వసారాకు తాళం వేసి ఉంటే గుడి మెట్ల మీదే కూర్చున్నాం. ఆ రోజే అత్త ఒక పద్ధతి పెట్టింది. వచనం చదివేటప్పుడు చేతులు ఆగాలి, వివరం చదివేటప్పుడు మళ్లీ రుద్దాలి. ఇక పొరపాటు పడే దారే లేదు. వచనానికి మెట్ల మీదంతా నిశ్శబ్దం, వివరానికి గరగరమని చెక్క చప్పుడు. దారిన పోయే చినమామకు కూడా మేము ఎప్పుడు ఏది చదువుతున్నామో తెలిసిపోయేది.

బల్ల ఆదివారం వచ్చింది. అత్త తెల్లచీర కట్టుకుని ఎప్పటి చోటే కూర్చుంది. అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వైపు వచ్చి, మా ఇద్దరినీ దాటి మా పక్కనున్న ఆమె ముందు ఆగారు. ఆమె చెయ్యి చాపలేదు. ఆ పక్కామె కూడా చాపలేదు. అలా వరస చివరిదాకా ఒక్క చెయ్యి లేవలేదు. మేము ఎవరితోనూ అనుకున్నది కాదు, ఎవరినీ అడిగింది కాదు. ప్రభువు బల్లను తోసిపుచ్చడం ఎంత పెద్ద మాటో ఆ ఆడవాళ్లకు తెలుసు, తెలిసే కూర్చున్నారు. అత్త మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మరుసటి నెల అయ్యగారు అందరికన్నా ముందు అత్త దగ్గరే ఆగారు. క్షమాపణా లేదు, గద్దింపూ లేదు. అత్త రొట్టె తీసుకుంది. పుస్తకం మాత్రం బీరువా మొహం చూడలేదు, వసారా తాళం కూడా ఎప్పుడు తీశారో తీశారు.

ఆ వరసలో కూర్చున్నవాళ్లలో ఇప్పుడు నేనే మిగిలాను. స్పూన్లు మిషను మీద నున్నగా అవుతున్నాయట. గుడికి పాలరాయి పరిచారు, మైకులు పెట్టారు. ఆడవాళ్లు చదవకూడదని అనేవాళ్లు లేరు, అంటే నాలాంటి దాని నోటికి జడవాల్సి వస్తుందని కాదు, అనవలసిన అవసరమే ఎవరికీ లేదు. చదువుతామని పట్టుబట్టేవాళ్లు ఉంటే గదా వద్దనేది! ఈ మాట రాస్తుంటే నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువ వస్తోంది, రానీ. ఈ వయసులో నాకు మిగిలిన ఆరోగ్యం అదే.

శుక్రవారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే మా ఇంటి అరుగు మీద కూర్చుని, వీధి చివరికి వినబడేలా చదువుతాను. వినడానికి రాకపోతే పోయారు, వద్దనడానికైనా ఎవరో ఒకరు వస్తే బాగుండును.