మోచేత్తో తెరుచుకునే తలుపు

తలుపు పిడులకు రూపం గీయడం ఆమె పని. ఒకచోట కుదురుగా కూర్చోదని ఇంట్లో అందరూ చీమ అని పిలిచేవారు. "వస్తువు కనబడగానే చెయ్యి దానంతటదే దాని మీదికి పోవాలి. అందమంటే అదే," అని తోటివాళ్లతో వాదించేది. ఆ నమ్మకంతోనే ఇత్తడిలో ఒక గుండ్రటి పిడి చేసింది. ఎక్కడా అంచు లేదు, గీత లేదు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మొదటి జతను అన్నయ్య ఇంట్లో స్నానాలగదికి తనే బిగించింది.

మరుసటేడు అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కోలుకుని నడిచాడు గానీ కుడిచేతికి పట్టు రాలేదు. ఒకరోజు స్నానం చేసి, సబ్బు తడి ఆరని ఎడమచేత్తో తిప్పబోతే పిడి జారిపోయింది. ఎంత తిప్పినా అంతే. వదిన బజారు నుంచి వచ్చి తలుపు తీసేసరికి నేలమీద కూర్చుని వణుకుతున్నాడు.

సంగతి తెలిసి చెల్లెలు పరుగున వచ్చింది.

"నీ పిడి ముచ్చటగానే ఉందే చీమా. కాకపోతే దాన్ని చూస్తూ కూర్చోడానికి లోపల ఓ కుర్చీ కూడా వెయ్యాల్సింది," అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వలేదు. వంటింట్లోకి పిలిచి, "పైకి అలాగే అంటారు. పొద్దున ఏడ్చారు," అంది.

ఆ రోజు నుంచి చీమ కాలుగాలిన పిల్లి అయింది. చేతులకు నూనె రాసుకుని తన ఇంట్లో ప్రతి తలుపూ తెరిచి చూసింది. మైనంతో పొడుగాటి పిడులు చేసి విరిచేసింది. పనికొచ్చినవి కంటికి ఆనలేదు, కంటికి నచ్చినవి పనికి రాలేదు.

చివరికి, కిందికి నొక్కితే తెరుచుకునేది ఒకటి కుదిరింది. అన్నయ్య దాన్ని మోచేత్తో నొక్కి తలుపు తీశాడు. బయటికి రాబోతే పిడి కొన చొక్కాకు తగులుకుని వెనక్కి లాగింది.

"పట్టుకుంటే వదలదు. నీ పోలికే," అన్నాడు.

ఆమె నిలబడ్డపాటునే దాన్ని ఊడదీసి పట్టుకుపోయింది. కొన తలుపువైపు వంచి మళ్లీ తెచ్చింది. ఈసారి తగులుకోలేదు.

ఆమె పనిచేసే ఫ్యాక్టరీ యజమాని కొత్త పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుందమ్మా, కాస్త మోటుగా ఉంది. రెండు రకాలూ చేద్దాం."

"గుండ్రటిది ఆపెయ్యండి."

"అమ్ముడుపోయేదాన్ని ఎవరైనా ఆపుకుంటారా?"

ఎంత చెప్పినా అతను వినలేదు. ఇప్పుడు ఆమె ఎవరింటికి వెళ్లినా ముందు తలుపుల వంకే చూస్తుంది. మొన్న స్నేహితురాలింట్లో గుండ్రటి పిడి కనబడగానే టీ కప్పు అలాగే వదిలేసి లేచింది.

"స్క్రూడ్రైవర్ ఉందా?" అని అడుగుతూనే సంచిలోంచి పొడుగాటి పిడి బయటికి తీసింది.